వదిన లెక్కలో ఒక మాట ఎక్కువ

హాస్టల్, రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం

వదినకి,

వచ్చి పది రోజులైతే ఇప్పుడా రాసేది అని తిట్టకు. మూడు ఉత్తరాలు మొదలుపెట్టి చింపేశాను. మూడింట్లోనూ మొదటి వాక్యం "అన్నయ్య ఎలా ఉన్నాడు" అనే వచ్చింది. ఆ తరవాత కలం కదల్లేదు.

ఇక్కడ బాగానే ఉంది. గదిలో రెండు మంచాలు, రెండు బల్లలు, ఒక ఫ్యాను. నా రూమ్మేటు పొద్దున్నే లేవాలని నాలుగు అలారాలు పెట్టుకుంటుంది. నాలుగిటికీ నేనే లేస్తాను, తను మాత్రం లేవదు. నువ్వు కుట్టిచ్చిన సంచి చూసి ఎక్కడ కొన్నావని అడిగింది. మా వదిన టైలర్ అన్నాను. కొంచెం గొప్పగానే అన్నాను.

నాలుగో రోజున నువ్వు హాస్టల్ ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పావు కదా, గొంతు వినిపించి మనిషి కనిపించకపోతే అన్నయ్య కంగారుపడతాడని, అందుకని ఫోన్ వద్దని అన్నయ్యకి మాటలు నేర్పే టీచరమ్మ చెప్పిందని. సరే, చెయ్యను. ఉత్తరాలు రాస్తాను. వాటిని అన్నయ్యకి చదివి వినిపించు, చివరి అక్షరం దాకా.

ఇప్పుడు అసలు సంగతి. ఈ వారం ప్రోగ్రామింగ్ క్లాసులో లిస్టులు మొదలయ్యాయి. లిస్టంటే ఏం లేదు వదినా, రెండు బ్రాకెట్లు. వాటి మధ్య ఏం కావాలంటే అవి చీమలబారులాగా ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. కొత్తది వస్తే చివర చేర్చొచ్చు, దాన్ని అపెండ్ అంటారు. ఎన్ని ఉన్నాయని అడిగితే లెక్క చెబుతుంది. ఫలానాది ఉందా అని అడిగితే ఉందనో లేదనో చెబుతుంది. అంత నమ్మకమైన మనిషి మన వీధిలో ఒక్కరూ లేరు.

అందర్నీ ఏదో ఒక లిస్టు చెయ్యమన్నారు సారు. పక్కమ్మాయి తనకున్న చెవిదుద్దులన్నీ రాసింది. నేను ఖాళీ బ్రాకెట్లు రెండు పెట్టి, దానికి 'మాటలు' అని పేరు పెట్టాను. సారు వచ్చి చూసి, "ఖాళీగా ఉందేంటమ్మా?" అన్నారు. "ఇంటి నుంచి రావాలి సార్" అన్నాను. క్లాసంతా నవ్వింది.

అన్నయ్యకి మాటలు మొదలయ్యాయని ఫోన్లో అన్నావు. నేను బస్సెక్కే దాకా, ఆ ఇరవై మూడు రోజుల్లో, ఒక్క మాట కూడా లేదు. నిచ్చెన మీంచి పడ్డప్పుడు తగిలిన దెబ్బకి మాటలు పోయాయని డాక్టరు చెబుతుంటే, ఊళ్లో దుకాణాలన్నిటికీ బోర్డులు రాసిన మనిషికా, అనుకున్నాను. అమ్మా నాన్నా పోయాక నన్ను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని పనికి తీసుకెళ్లేవాడు. నేను అక్షరాలు నేర్చుకున్నది పలక మీద కాదు, ఆ బోర్డుల మీద. రంగు డబ్బాల మధ్య క్షణం ఆగకుండా తిరుగుతానని 'చీమ' అని పేరు పెట్టాడు. అప్పట్నుంచి ఏ బోర్డు పూర్తి చేసినా కింద మూలన మూడు చుక్కలు పెడతాడు. తల, నడుము, పొట్ట. అది చీమ అని మన ముగ్గురికే తెలుసు.

అందుకని ఒక్క పని చెయ్యి. అన్నయ్య తనంతట తను అనే ప్రతి కొత్త మాటా, అన్న వరసలోనే, రాసి పంపు. తిట్లైనా సరే. మొట్టమొదటి మాట ఏమిటో మాత్రం తప్పకుండా చెప్పు.

నీ ఆడపడుచు,
చీమ


ఇల్లు, మిషను దగ్గర

మా ఆడపడుచుగారి దివ్యసముఖానికి,

తమరి ఉత్తరం అందింది. కాలేజీకి వెళ్లి నిండా రెండు వారాలు కాలేదు, అప్పుడే మాకు పనులు పురమాయిస్తున్నారు. చిత్తం.

మీ అన్నయ్యకి చదివి వినిపించాను. అలారాల దగ్గర నవ్వాడు. ఎడమవైపు పెదవి ఒక్కటే నవ్వుతుంది ఇంకా. కుడిచెయ్యి ఒళ్లో పెడితే పెట్టినచోటే ఉంటుంది. ఎడమచేత్తో గ్లాసు పట్టుకుంటున్నాడు, సగం చొక్కా మీద పోసుకుంటున్నాడు. ఉతికేది నేనేగా, కానియ్.

మాటలు నా కొలతల పుస్తకంలోనే రాస్తున్నాను. వేరే పుస్తకం ఎక్కడ వెతకను? ఒకావిడ నడుము కొలత పక్కన 'ఫ్యాన్' అని ఉంది, భుజం కొలత పక్కన 'ఛీ' అని ఉంది. ఆవిడ చూసిందంటే ఇంకో టైలర్ని వెతుక్కుంటుంది.

మొదటి మాట 'నీళ్లు'. తరవాత 'వద్దు'. తరవాత నేను చేసిన కూర నోట్లో పెట్టుకుని 'ఛీ' అన్నాడు. ఎంత సంతోషించానో, ఇరుగుపొరుగు వాళ్లని పిలిచి మరీ చెప్పాను. ఆపైన 'ఫ్యాన్', 'దిండు', 'ఇంకా'. మొత్తం ఏడు మాటలు. రెండు వారాలకి ఏడంటే తక్కువేం కాదంది టీచరమ్మ. ఆవిడ వారానికి రెండుసార్లు వస్తుంది. బొమ్మలు చూపించి అడుగుతుంది. మీ అన్నయ్య ఆవిడ మీద విసుక్కుంటాడు, ఆవిడ ఏమీ అనుకోదు. ఆ ఓర్పు నాకుంటే నేను కూడా టీచరమ్మనే అయ్యేదాన్ని.

బాగా తిను. సంచి ఉతికేటప్పుడు పిండకు, ఆకారం పోతుంది.

మీ వదిన


హాస్టల్

వదినా,

నీ ఉత్తరం ల్యాబులోకి తీసుకెళ్లి ఒక్కొక్క మాటా అపెండ్ చేశాను. 'ఛీ' దగ్గర నాకూ సంతోషమేసింది. అంటే అన్నయ్య నాలుక అక్కడే ఉంది, కూర రుచి తెలుస్తోంది, పైగా నీ వంట గురించి నిజం చెప్పే ధైర్యం కూడా తిరిగొచ్చింది.

ఒక విచిత్రం చెప్పనా? ఈ లిస్టులో మొదటిదాన్ని ఒకటి అనరు, సున్నా అంటారు. 'నీళ్లు' ఉన్నది సున్నా స్థానంలో. 'వద్దు' ఒకటో స్థానంలో. మొదటిదాన్ని పట్టుకుని సున్నా అనడం ఏమిటని అడిగితే, అలవాటైపోతుందిలే అన్నారు సారు. అలవాటైపోవడం అర్థం కావడం కాదు కదా. నీకేమైనా తడితే చెప్పు.

ఇంకోటి. చెప్పాలా వద్దా అని ఆలోచించి చెబుతున్నాను. రోజూ సాయంత్రం ల్యాబు మూసేముందు ఒక్క వరస రాస్తాను. 'మాటలు' లిస్టులో 'చీమ' ఉందా? ఎంటర్ నొక్కగానే 'ఫాల్స్' అని వస్తుంది. లేదని అర్థం. ఉంటే 'ట్రూ' అనాలి. లేదని నాకు తెలుసు, రాసిందే నేను కదా. అయినా అడుగుతాను. అన్నయ్య ఫ్యాన్ని పిలిచాడు, దిండుని పిలిచాడు. ఫ్యాన్ మీద కుళ్లుకునే మనిషిని నువ్వెప్పుడైనా చూశావా? ఇదిగో, ఇక్కడుంది.

నీకు మాత్రం పిలుపు వచ్చిందా? నువ్వు రాయలేదు.

చీమ


ఇల్లు

ఆడపడుచుగారికి,

నెల దాటిపోయింది నీకు రాసి. కుట్టుపని ముంచుకొచ్చింది, పైగా టీచరమ్మ చెప్పిన చేతి వ్యాయామాలు. తప్పు నాదే.

సున్నా సంగతి. ఇంత చదువు చదివి ఇది నన్నడుగుతావా? నా మెడలో టేపు ఎక్కడ మొదలవుతుంది? రేకు అంచు దగ్గర. అక్కడ ఏముంటుంది? ఏమీ ఉండదు, అంకె కూడా వెయ్యరు. అదే సున్నా. ఒకటి వచ్చేది ఒక అంగుళం నడిచాక. భుజం మీద పెట్టేది సున్నానే, ఒకటిని కాదు. ఒకటి దగ్గర పెట్టి కొలిచే టైలరు దగ్గర బట్టలు కుట్టించుకుంటే తెలుస్తుంది. మీ సారుకి చెప్పు, కావాలంటే వచ్చి నా దగ్గర నేర్చుకోమను.

పిలుపు గురించి అడిగావు. విను. టేపు మెడలో వేసుకునే వంట చేస్తానని, టేపుతోనే నిద్రపోతానని మీ అన్నయ్య నన్ను 'టేపు' అంటాడుగా. పోయిన గురువారం పొద్దున్న కుర్చీలో కూర్చుని 'టేపు' అన్నాడు. మెడలోంచి తీసి ఇచ్చాను. విసిరికొట్టాడు. మళ్లీ 'టేపు' అన్నాడు. డ్రాయర్లోంచి కొత్తది తీసిచ్చాను. దాన్నీ విసిరికొట్టాడు. మూడోసారి నా వైపు చూపించి అన్నాడు. అప్పుడర్థమైంది. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి, పొంగనీ అని వదిలేశాను.

వరసగా రాసుకో: చెప్పు, గోడ, పసుపు, ఎరుపు, గడియారం, కుర్చీ, పొద్దున్న, చలి, సబ్బు, తలుపు, ఎవరు, టేపు. ఇప్పటికి మొత్తం పంతొమ్మిది.

టీచరమ్మకి ఈ మాటలన్నీ కాగితం మీద కావాలట. నా పుస్తకం చూసి, ఇందులో మాటలేవో చంకలేవో తెలియడం లేదంది. నువ్వు ప్రింటు తీసి పంపగలవా?

వదిన


హాస్టల్

వదినా!

'టేపు' దగ్గర మూడుసార్లు ఆగి చదివాను. రూమ్మేటుకి కూడా చదివి వినిపించాను. తను నవ్వి నవ్వి, ఆఖర్న కళ్లు తుడుచుకుంది. టేపుతో సున్నా పాఠం సారుకి చెప్పాను. ఆయన విని, "మీ వదినగారు ఎక్కడ పనిచేస్తారు?" అన్నారు.

నీకు పిలుపు వచ్చిందంటే ఒక్కపక్క ప్రాణం లేచొచ్చినట్టుంది. ఇంకోపక్క ఏముందో రాయను. నువ్వు తెలివైనదానివి.

ప్రింటు ఇందులోనే పెట్టాను. ఊరికే పంపలేదు, సార్ట్ అనే ఆజ్ఞ ఒకటి కొత్తగా నేర్చుకున్నాను, దానితో మాటలన్నీ అక్షర క్రమంలో పెట్టాను. ఒక్క క్షణంలో అయిపోయింది. చూడు ఎంత ముచ్చటగా ఉందో! 'ఇంకా'తో మొదలై 'సబ్బు'తో ముగుస్తుంది. 'చెప్పు' పక్కన 'ఛీ' కూర్చుంది, 'టేపు' పక్కన 'తలుపు' నిలబడింది. ఎప్పుడూ ఒకదాన్నొకటి ఎరగని మాటలు పక్కపక్కన చేరితే వాటికి కొత్త మొహాలు వస్తాయని నాకు ఇన్నాళ్లూ తెలియదు. మాటలంటే నాకు పిచ్చి పట్టేట్టుంది.

ఒక చోట మాత్రం చూపు ఆగిపోయింది. 'చలి' తరవాత 'చెప్పు' ఉంది. అక్షర క్రమంలో 'చీమ' రావలసింది సరిగ్గా ఆ రెంటి మధ్య. నా చోటు అక్కడ ఖాళీగా ఉంది వదినా. ఎవరూ కూర్చోలేదు.

చీమ


ఇల్లు

అమ్మాయ్,

నీ ముచ్చట తగలెయ్య. టీచరమ్మ కాగితం చూసి, "ఇదేంటండీ, డిక్షనరీ పంపారు?" అంది. ఆవిడకి కావలసింది ఏ మాట తరవాత ఏ మాట వచ్చిందీ అని. మొదట వస్తువులు వచ్చాయా, మనుషులు వచ్చారా, రంగులు ఎప్పుడు మొదలయ్యాయి, అడగడం ఎప్పుడు మొదలైంది, అవి చూసి తరవాత ఏం నేర్పాలో నిర్ణయిస్తుందట. నువ్వు వరసంతా కలిపేశావు. పదిమంది కొలతల చీటీలు ఒక కుప్పలో పోసి, కొలతలన్నీ ఉన్నాయి చూసుకోండి అన్నట్టుంది. ఎవరి నడుము ఎవరి జాకెట్టుకి పెట్టను?

వచ్చే నెల మొదట్లో ఆవిడ కాగితం మళ్లీ చూస్తుంది. ఆలోపల సరైన వరసలో పంపు.

ఈ నెలవి: బ్రష్, నిచ్చెన, భయం, వాన, గొడుగు, అద్దం, దువ్వెన, తప్పు, చాలు. మొత్తం ఇరవై ఎనిమిది. 'నిచ్చెన' అన్నాక ఒక పూటంతా మాట్లాడలేదు. ఆ తరవాత 'భయం' అన్నాడు.

కోప్పడ్డానని ఏడవకు. నీ చోటు గురించి నువ్వు రాసింది చదివాను.

వదిన


హాస్టల్

వదినా,

తప్పు చేశాను. పైగా జాగ్రత్తగా చేశాను, అది ఇంకా సిగ్గుచేటు. సార్ట్ చేసేముందు, పాత వరస పోకూడదని 'పాత' అని ఇంకో పేరుతో దాచాననుకున్నాను. తీరా చూస్తే అది కూడా అక్షర క్రమంలోనే ఉంది! సారు చెప్పాక బుర్రకెక్కింది. నేను పెట్టింది కొత్త పేరే, కొత్త లిస్టు కాదు. ఉన్నది ఒక్కటే, పిలుపులు రెండు. నన్ను నువ్వు అమ్మాయ్ అంటావు, అన్నయ్య చీమ అంటాడు. చీమకి జ్వరమొస్తే అమ్మాయికి రాకుండా ఉంటుందా? ఇప్పుడు విడిగా నకలు తీయడం నేర్చుకున్నాను.

ఆదివారమంతా కూర్చుని నీ ఉత్తరాలు ముందేసుకుని మొదటి నుంచీ మళ్లీ ఎక్కించాను. ప్రింటు ఇందులో ఉంది. ఈసారి వరస తప్పలేదు.

కానీ లెక్క కుదరడం లేదు. మొదటి ఉత్తరంలో మొత్తం ఏడన్నావు, నాకు ఆరే వచ్చాయి. రెండోదాంట్లో పంతొమ్మిదన్నావు, నాకు పద్దెనిమిది. ఇప్పుడు ఇరవై ఎనిమిదన్నావు, నాకు ఇరవై ఏడు. మొదట సున్నా వల్లేమో అనుకున్నాను. కాదు. లెక్కపెట్టేటప్పుడు ఎవరైనా ఒకటి నుంచే లెక్కపెడతారు, కంప్యూటరైనా అంతే. వేళ్ల మీద కూడా లెక్కపెట్టాను.

లెక్క తప్పితే ఒకసారి తప్పుతుంది. మూడుసార్లూ ఒకే ఒక్కటి ఎక్కువ రాదు. పైగా నువ్వు. నలభై చొక్కాలకి బొత్తాలు చూపుతో లెక్కపెట్టేదానివి.

మొదటి ఉత్తరానికి ముందే ఒక మాట ఉంది. నీ పుస్తకంలో ఉంది, నాకు రాలేదు. ఏమిటది?

చీమ


ఇల్లు

లెక్క తప్పింది. పని ఎక్కువగా ఉంది. ప్రింటు అందింది, టీచరమ్మకి ఇచ్చాను, బాగుందంది.

ఈ రెండు వారాల్లో ఒక్కటే మాట. 'ఎప్పుడు'.

మొత్తం నేను వెయ్యను. నువ్వే వేసుకో.

వదిన


హాస్టల్

వదినా,

ఇంత చిన్న ఉత్తరం నువ్వు నాకు ఎప్పుడూ రాయలేదు. వేళాకోళం లేదు, తిట్టు లేదు. ఇంతకన్నా తిట్టినా బాగుండేది.

నాలుగు రోజులుగా ఆ మాట ఏమై ఉంటుందా అని ఆలోచిస్తున్నాను. పుస్తకాల్లో మాటలు వెతికి మురిసిపోయేదాన్ని కదా, ఇప్పుడు ఒక్క మాటకి భయపడుతున్నాను. అది 'పో' అయి ఉంటుంది. నేను వెళ్లొస్తానని చెప్పినప్పుడు అన్నయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. నా వైపు చూడలేదు. నేను బస్సెక్కాక నోరు తెరిచి నా గురించి అనుంటాడు, పోతే పోనీ అని. నన్ను బాధపెట్టలేక నువ్వు దాచావు.

అదే అయితే అదే చెప్పు. లిస్టులో పెట్టుకుంటాను. అన్నయ్య అన్న మాట ఏదీ బయట ఉండకూడదు. చెప్పకపోతే మాత్రం రోజుకో మాట నేనే కల్పించుకుంటాను, అవన్నీ 'పో' కంటే చెడ్డవే.

చీమ


ఇల్లు, మధ్యాహ్నం, మీ అన్నయ్య పడుకున్నాక

అమ్మాయ్,

'పో' కాదు. నువ్వు దాన్ని పట్టుకుని నాలుగు రోజులు తిరిగావంటే, కత్తెర చేతిలో పట్టుకుని కూడా పని చెయ్యలేకపోయాను.

నువ్వు బస్సెక్కిన మర్నాడు పొద్దున్న, ఎనిమిది కావస్తోంది. ఆస్పత్రిలో నర్సు దుప్పటి మారుస్తోంది. మీ అన్నయ్య తలుపువైపు తిరిగి, "చీమ" అన్నాడు. గొణగలేదు. నర్సు కూడా విని, "చీమలున్నాయా మంచం మీద?" అని దుప్పటి దులిపింది. చీమలు లేవమ్మా, అది మనిషి పేరు అన్నాను.

ఆ రోజు ఎన్నిసార్లు అన్నాడో లెక్క లేదు. మర్నాడూ అన్నాడు. మూడో రోజూ అన్నాడు. తలుపు చప్పుడైనప్పుడల్లా అటు చూసేవాడు. నాలుగో రోజు చూడటం మానేశాడు, అనడమూ మానేశాడు. మళ్లీ ఇంతవరకూ అనలేదు.

ఆ నాలుగో రోజే నీకు ఫోన్ చేశాను. అది చెబుదామనే చేశాను. నువ్వు "హలో" అన్నావు, వెనకాల ఆడపిల్లల నవ్వులు వినిపించాయి. చెబితే ఆ సాయంత్రమే తిరుగు బస్సెక్కుతావు. నువ్వు చదవాలని మీ అన్నయ్య ఎంత తపించాడో నాకు తెలుసు. అందుకని ఫోన్ చెయ్యొద్దని చెప్పి పెట్టేశాను.

ఇది నిజమే. కానీ ఇదొక్కటే అయితే, నువ్వు అక్కడ కుదురుకున్నాక చెప్పేదాన్ని. చెప్పలేదంటే ఇంకోటి ఉంది. ఇరవై మూడు రోజులు ఆ మంచం పక్కన కుర్చీలో కూర్చున్నది నేను. నువ్వూ కూర్చున్నావు, కాదనను. కానీ రాత్రిళ్లు నేను. నోరు తెరిస్తే మొదట నా పేరే వస్తుందని ఎందుకో నమ్మేశాను. నేను ఎదురుగా ఉంటే, నా భుజం మీంచి తలుపువైపు చూసి నిన్ను పిలిచాడు. ఫ్యాన్ మీద కుళ్లుకున్నానని రాశావు చూడు, అది చదివి నవ్వలేకపోయాను. నేను కుళ్లుకున్నది నీ మీద. నా చేతుల మీద పెరిగిన పిల్ల మీద.

టీచరమ్మ ఫోన్ వద్దన్నది ఒక్క నెల. మిగతా మూడు నెలలూ నావి.

నీ ఉత్తరాలు అన్నీ చదివి వినిపించాను. నీ పేరొచ్చిన చోటల్లా దాటేశాను. చివరి సంతకం చదవలేదు, ఒక్కసారి కూడా.

పుస్తకంలో మాత్రం మొదటి వరసలో అదే ఉంది. కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదు. మొత్తం వేసినప్పుడల్లా అదీ కలిసిపోయింది. నోరు దాచింది, లెక్క దాచలేదు.

ఏమన్నా పడతాను.

వదిన


హాస్టల్

వదినా,

కోపం వచ్చింది. రెండు రోజులు నీ ఉత్తరం దిండు కింద పెట్టుకుని నీతో మాట్లాడలేదు. నువ్విక్కడ లేవు కాబట్టి అది నీకు తెలియలేదు.

మూడు రోజులు తలుపువైపు చూశాడన్న చోట ఇప్పటికీ చదవలేకపోతున్నాను. ఆ మూడు రోజులూ నేను కొత్త బల్లకి కాగితం అంటించుకుంటూ, పుస్తకాలకి అట్టలేసుకుంటూ ఉన్నాను. 'తలుపు', 'ఎవరు', 'ఎప్పుడు'. ఈ మూడు మాటలూ నువ్వే రాసి పంపావు. నేనే ఎక్కించాను, వేరే వేరే స్థానాల్లో. పక్కపక్కన పెట్టి చూడలేదు. మాటలంటే ప్రాణమని చెప్పుకునేదాన్ని.

నువ్వు చెప్పుంటే ఆ సాయంత్రమే బస్సెక్కేదాన్ని. నీ అంచనా తప్పు కాదు. అదే నాకు ఇంకా కోపం.

ఈ రోజు ల్యాబుకి వెళ్లాను. అపెండ్ చేస్తే 'చీమ' చివర చేరుతుంది. కానీ అది చివరి మాట కాదు. కావలసిన చోట చేర్చడానికి ఇన్సర్ట్ అని ఒకటుంది. స్థానం దగ్గర సున్నా వేశాను. రేకు అంచు దగ్గర, అంకె వెయ్యని చోట. అప్పుడు ఏమవుతుందో తెలుసా? వెనకున్నవన్నీ తలా ఒక అడుగు జరుగుతాయి. 'నీళ్లు' జరిగింది, 'వద్దు' జరిగింది, 'ఛీ' జరిగింది. 'టేపు' కూడా జరిగింది వదినా. జరిగింది, అంతే. పోలేదు. ఒకదానికి చోటివ్వడానికి ఇంకోటి వెళ్లిపోనక్కర్లేదు. ఇది నీకు చెప్పాలనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఎన్ని ఉన్నాయని అడిగాను. ఇరవై తొమ్మిది. ఇప్పుడు మనిద్దరి లెక్కా ఒకటే.

తరవాత రోజూ అడిగేదే అడిగాను. 'ట్రూ' అంది. ఈ ఒక్క మాట కోసం ఇన్ని సాయంత్రాలు కూర్చున్నాను కదా, ఎగిరి గంతేస్తాననుకున్నాను. వెయ్యలేదు. కంప్యూటరు ఉందంటోంది. అన్నయ్య అనడం లేదు. రెండూ ఒకటి కాదు.

నిన్ను ఏమీ అనను. అన్నయ్య నన్ను పెంచాడని అందరికీ చెబుతాను. నా జడలు వేసింది, జ్వరంలో నుదుటి మీద చెయ్యి పెట్టింది ఎవరో చెప్పను. అది కూడా ఒక మాట దాచినట్టే.

ఈ ఉత్తరం అన్నయ్యకి చదువు. కోపం దగ్గర ఆపకు, నీ గురించి రాసింది దాటెయ్యకు. కింద ఉన్న ఒక్క మాట మాత్రం గట్టిగా చదువు.

చీమ


ఇల్లు, కత్తిరించే బల్ల దగ్గర

చీమా,

చదివాను. ఈ పేరుతో నిన్ను ఎప్పుడూ పిలవలేదు నేను. అది మీ అన్నాచెల్లెళ్ల సొత్తు అనుకునేదాన్ని. ఇప్పుడు రాస్తుంటే బాగానే ఉంది.

నీ ఉత్తరం వచ్చేసరికి ఒకావిడ కోటు గుడ్డ బల్ల మీద పరిచి గీతలు గీస్తున్నాను. నల్ల గుడ్డ. మీ అన్నయ్య బల్లకి అవతల కుర్చీలో ఉన్నాడు. నిలబడే చదివాను. ఏ చోటా దాటలేదు. నేను దాచిన సంగతీ వచ్చింది, అక్కడ ఆగి నీళ్లు తాగి మళ్లీ చదివాను. చివర నీ పేరు గట్టిగా చదివాను, వీధిలో వాళ్లకి వినిపించేంత.

మీ అన్నయ్య తలుపువైపు చూశాడు. లేచి వెళ్లి తలుపు బార్లా తీశాను. నువ్వు లేవు. నా వైపు తిరిగాడు. నోరు కదిలింది. మాట రాలేదు. వచ్చిందని రాయొచ్చు, నువ్వు సంతోషిస్తావు. ఇక నీకు అబద్ధం రాయను.

కాసేపటికి ఎడమచెయ్యి బల్ల మీదికి జాపి నా సుద్దముక్క తీసుకున్నాడు. గుడ్డ పాడవుతుందని అరవబోయాను. గుడ్డ కింద మూలన, నెమ్మదిగా, ఒక చుక్క పెట్టాడు. దాని పక్కన ఇంకోటి. సుద్ద జారబోయింది, ఆగి సరిగ్గా పట్టుకున్నాడు. మూడోది పెట్టాడు. పొట్ట కాస్త పెద్దదైంది. సుద్ద బల్ల మీద పెట్టి, బోర్డు పూర్తయ్యాక నిచ్చెన దిగి చూసుకున్నట్టు, వెనక్కి వాలి చూసుకున్నాడు.

దీన్ని ముప్పయ్యో మాటగా వేసుకోకు. ఇది మాట కాదు. మీ లిస్టుల్లో ఇలాంటివి ఎక్కడ పెడతారో మీ సారుని అడుగు.

ఫోన్ చేసి చెబుదామని ఆఫీసు నంబరు తీశాను. మళ్లీ ఊరుకున్నాను. ఇది వినేది కాదు, చూసేది. ఉత్తరంలో పెట్టి పంపేదీ కాదు, గుడ్డ ఆవిడది. శనివారం కుట్టి ఇచ్చెయ్యాలి. ఇంకా కత్తెర పెట్టలేదు. సుద్ద కదా, గాలికే పలచబడుతోంది. పొద్దున్నుంచి ఫ్యాను కూడా వెయ్యలేదు. మీ అన్నయ్య 'ఫ్యాన్' అంటున్నాడు, వినబడనట్టు ఊరుకుంటున్నాను.

ఈ ఉత్తరం నీకు గురువారం అందుతుంది. శుక్రవారం పొద్దున్న బస్సుంది.

తలుపు వెయ్యలేదు.

టేపు